అమ్మమ్మ చీరతో జేన్ ఆస్టిన్ బాల్‌కి

కత్తెర పడ్డాకే అమ్మకి చెప్పాను. ముందు చెబితే ఒప్పుకోదని తెలుసు.

చీర అమ్మమ్మది. మంగళగిరి నేత, మీగడ రంగు, సన్నటి జరీతో నిజాం అంచు. నేను యూకే వచ్చేటప్పుడు తెనాలి ఇంట్లోని చెక్క బీరువాలోంచి తీసి అమ్మే నా చేతిలో పెట్టింది. "కట్టుకుంటే కట్టుకో, లేదంటే భద్రంగా దాచుకో" అంది. మూడేళ్లు సూట్‌కేసులోనే ఉంది. ఆ చీరని తీసుకెళ్లి సౌతాల్‌లో బ్లౌజులు కుట్టే ఆంటీకి ఇచ్చి, ఫోన్‌లో బొమ్మ చూపించి, "ఇలాంటి గౌను కావాలి" అన్నాను. ఆవిడ నన్నూ చీరనీ రెండేసి సార్లు చూసింది.

అమ్మ ఫోన్‌లో అడిగింది ఒక్కటే. "డాన్స్ కోసమా?"

తర్వాత నాలుగు రోజులు మాటల్లేవు. వాట్సాప్‌లో పూల బొమ్మల గుడ్ మార్నింగ్ కూడా ఆగిపోయింది. మా ఇంట్లో అంతకంటే సీరియస్ స్టేజ్ లేదు.

ఇంతకీ ఆ డాన్స్ సంగతి. మన హైదరాబాద్ కామిక్ కాన్‌కి నరుటోలా, స్పైడర్‌మాన్‌లా తయారై వచ్చేవాళ్లని చూశారు కదా! ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊళ్లో 2001 నుంచి సెప్టెంబర్‌లో పది రోజులు అలాంటి జాతరే జరుగుతుంది. కాకపోతే అక్కడ సూపర్‌హీరోలుండరు. రెండొందల ఏళ్ల కిందటి రచయిత్రి జేన్ ఆస్టిన్ అభిమానులుంటారు. ఆవిడ 1775లో పుట్టి 1817లో పోయారు. మధ్యలో 1801 నుంచి 1806 దాకా ఈ ఊళ్లోనే ఉన్నారు. ఆవిడ నవలలు చదవలేదంటారా? 2000లో వచ్చిన 'ప్రియురాలు పిలిచింది' చూసుంటారు. ఆ కథకి మూలం ఆవిడ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'.

నేను ఇంజినీరింగ్ సెకండియర్‌లో, హాస్టల్లో, పరీక్షల ముందు రోజు ఆవిడ పుస్తకం పట్టుకున్నాను. (ఆ సబ్జెక్ట్ పోయింది, ఆ తర్వాత సప్లీలో గట్టెక్కాను.) నాకు అదేమీ పరాయి దేశం కథలా అనిపించలేదు. అయిదుగురు ఆడపిల్లల తల్లి కంగారు, కుర్రాడి ఆస్తి ఎంత అనే గుసగుసలు, ఎవరు ఎవరితో ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కలు... ఇవన్నీ మా వీధిలో ఏ పెళ్లి పందిట్లోనైనా వినిపించేవే. ఇరవై ఎనిమిదేళ్లొచ్చి, వారానికో బయోడేటా పీడీఎఫ్ అందుకునే నాకు ఇంకా బాగా అర్థమవుతాయి.

రెడింగ్ నుంచి బాత్‌కి రైల్లో గంట. స్టేషన్ దాటితే ఊరంతా ఒకే రంగు, తేనె కలిపిన మీగడలా ఉండే సున్నపురాయి. శనివారం పొద్దున వందలాది మంది ఆ కాలం బట్టల్లో ఊరేగింపుగా నడుస్తారు. ఒకసారి అయిదొందల మందికి పైగా నడిచి గిన్నిస్ రికార్డు కూడా కొట్టారు. పొడవాటి టోపీలు, ఎర్ర కోట్లు, ఈకలు, గొడుగులు. ఒకాయన పూర్తి సైనికుడి వేషంలో నిలబడి చిప్స్ తింటున్నాడు. నేను ఆ రోజు జీన్స్‌లోనే తిరిగాను. గౌను బయటికి తీయడానికి భయమేసింది.

భయం డాన్స్ గురించి కాదు. ఆ కాలంలో నాలాంటిది ఆ హాల్లో ఉండేదా అని ఒక పురుగు తొలుస్తూనే ఉంది. అప్పుడూ ఇంగ్లండ్‌లో మనవాళ్లున్నారు. దొరల పిల్లల్ని చూసుకుంటూ ఓడల్లో వచ్చిన ఆయాలున్నారు. 1810లో లండన్‌లో హిందూస్తానీ కాఫీ హౌస్ పెట్టిన దీన్ మహమ్మద్ ఉన్నాడు. కానీ బాల్ రూమ్‌లో గౌను వేసుకుని నిలబడటం వేరు కదా.

ధైర్యం ఇచ్చింది మళ్లీ ఆ పుస్తకాలే. ఇదే బాత్‌లో నడిచే 'నార్తాంగర్ ఆబీ'లో హీరో హీరోయిన్ కలిసిన మొదటి సాయంత్రం మాట్లాడుకునేది దేని గురించో తెలుసా? మస్లిన్ బట్ట గురించి! అసలైన ఇండియన్ మస్లిన్ తాను ఎంత చవగ్గా కొన్నాడో హీరో గొప్పలు పోతాడు. ఆ తెల్లటి పల్చటి గౌన్ల ఫ్యాషన్ మన దగ్గర్నుంచి వెళ్లిన నూలు బట్ట మీదే నిలబడింది. ఇంకో సంగతి. జేన్ ఆస్టిన్ మేనత్త ఫిలడెల్ఫియా 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చింది, పెళ్లి సంబంధం కోసం. మరుసటేడు కడలూరులో పెళ్లయింది. మనమిప్పుడు ఈ వైపుకి వస్తున్నాం, అప్పుడు ఆవిడ ఆ వైపుకి వెళ్లింది. మరి నా మంగళగిరి నూలుకి ఆ హాల్లో చోటెందుకుండదు?

మధ్యాహ్నం ప్రాక్టీస్ క్లాస్. ఆడా మగా రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడాలి. పైన ఒకరు మైక్‌లో అడుగులు చెబుతుంటారు. చేతులు కలిపి చుట్టు తిరగడం, చోట్లు మారడం, పక్క జంటతో నాలుగు చేతుల చక్రం కట్టడం. ఒక రౌండ్ అయ్యేసరికి ప్రతి జంటా ఒక మెట్టు కిందికో పైకో జరుగుతుంది. చివరికి వెళ్లినవాళ్లు ఒక రౌండ్ ఊరికే నిలబడి, మళ్లీ వెనక్కి ఎక్కుతారు. నాకు పది నిమిషాల్లో వెలిగింది, ఇది అచ్చం బబుల్ సార్ట్! ఆ మాట పక్కనున్నాయనతో అంటే ఆయన పకపకా నవ్వాడు. ఆయనా కోడరేనట. అల్గారిథమ్ అర్థమైంది సరే, కాళ్లకి అర్థం కావాలిగా. కుడివైపు తిరగమంటే ఎడమవైపు తిరిగి ఒక పెద్దాయన గుండెకి గుద్దుకున్నాను. చిన్నప్పుడు సంక్రాంతికి వేసిన కోలాటం గుర్తుతెచ్చుకున్నాకే దారిలో పడ్డాను. చూపు కాళ్ల మీద పెట్టకూడదు. రాబోయే మనిషి మీద పెట్టాలి.

రాత్రి గిల్డ్ హాల్. 1770ల్లో కట్టిన భవనం, పైన పెద్ద పెద్ద దీపాల గుత్తులు. గౌను వేసుకుని మెట్లెక్కుతుంటే జరీ అంచు చెప్పుల మీద తగులుతోంది. ఎవరూ నన్ను వింతగా చూడలేదు. నిజానికి అక్కడ ఎవరికి వాళ్లు, ఈక జారిపోతుందేమో అన్న టెన్షన్‌లో ఉన్నారు.

పార్టనర్ దొరక్కపోతే గోడకి అతుక్కోవాలనుకున్నాను. కానీ ఇప్పటి బాల్స్‌లో ఆ పాత రూల్ లేదు, ఎవరు ఎవరినైనా అడగొచ్చు. మొదటి డాన్స్‌కి నన్ను పిలిచింది నాకంటే చిన్న పిల్ల. రెండోది కోడర్ బాబుతో. మూడోది నేనే వెళ్లి ఒకావిడని అడిగాను. వయొలిన్ మొదలైతే వరసలో నలభై మంది ఒకేసారి ఊపిరి పీల్చినట్టుంటుంది. ఒక్కో రౌండ్‌కి ఒక్కో కొత్త మొహం. రెండు క్షణాలు కళ్లలోకి చూసి, చెయ్యి పట్టి, వదిలేయడం. ఆఫీసులో మూడేళ్లుగా పక్క సీట్లో ఉన్న మనిషిని కూడా నేను అలా నేరుగా చూసింది లేదు.

నాలుగో డాన్స్‌లో ఎవరి బూటో నా గౌను మీద పడింది. పర్రుమని శబ్దం. గుండె ఆగినంత పనైంది.

కోట్లు పెట్టే గదిలోకి పరిగెత్తి చూసుకుంటే నడుం దగ్గర కుట్టు జానెడు విడిపోయింది. బట్ట మాత్రం చిరగలేదు. పిన్నీసు వెతుక్కుంటుంటే తెల్లజుట్టు ముసలావిడ ఒకరు వచ్చారు. చేతికున్న బుల్లి సంచీలోంచి సూది, దారం తీశారు. "ప్రతి ఏడూ ఎవరో ఒకరికి అవుతుంది, కదలకు" అన్నారు. కుట్టే ముందు బట్టని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశారు. అచ్చం చీరల షాపులో మా అమ్మ చూసినట్టు.

"ఎక్కడిది ఇది?"

"మా అమ్మమ్మ చీర. మగ్గం మీద నేసింది."

సూది ఆగిపోయింది. "కత్తిరించావా?"

అమ్మ గొంతులో ఉన్నదే ఆవిడ గొంతులోనూ ఉంది. నాకు ఏడుపొచ్చేసింది, నిజం చెబుతున్నాను. ఆవిడేం ఓదార్చలేదు. కుట్టడం పూర్తి చేసి, దారం పంటితో కొరికి, "గట్టిగానే వేశాను, వెళ్లు, తర్వాతి వరస కడుతున్నారు" అన్నారు.

వెళ్లాను. చివరి డాన్స్ దాకా ఆడాను.

ఆదివారం పొద్దున హోటల్ గదిలోంచి అమ్మకి వీడియో కాల్ చేశాను. రాత్రే ఫొటోలు పంపాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. కాల్ ఎత్తింది. హ్యాంగర్‌కి ఉన్న గౌనుని కెమెరా ముందు తిప్పి చూపించాను. అంచు, చేతులు, ముసలావిడ వేసిన కుట్టు.

"కొంగు మీద పసుపు మరక ఉండాలే. ఏదీ?" అంది.

ఆ మరక నాకూ తెలుసు. అమ్మమ్మ వంటింట్లో చెయ్యి తుడుచుకున్న చోటు. ఆంటీకి ముందే చెప్పాను, కొంగు జోలికి పోవద్దని. సూట్‌కేసు తెరిచి, మడత విప్పి చూపించాను. మూర పైన ఉంది ఆ ముక్క, అంచుతో సహా.

అమ్మ ఫోన్‌ని మొహానికి బాగా దగ్గరగా పెట్టుకుంది. కాసేపు నుదురు, కళ్లజోడు తప్ప ఏమీ కనబడలేదు.

"సరే" అంది. "దాన్ని మాత్రం మెషిన్‌లో వేయకు."