వీధి ఎత్తు, గడప లోతు

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే పత్రికల జిల్లా పుటలలో ఒక తరహా వార్తలు వరుస కడతాయి. ఫలానా పట్టణంలో ఈ యేడాది ఇన్ని సిమెంటు రోడ్లు వేశారు, ఇన్ని మీటర్ల సైడు కాలువలు కట్టారు, ఇన్ని వీధిదీపాలు మార్చారు, కూరగాయల బజారుకు కొత్త రేకులు వేశారు, శ్మశానానికి ప్రహరీ కట్టారు. దాని ప్రక్కన రంగుల ఛాయాచిత్రం ఒకటి: కొబ్బరికాయ కొడుతున్న చేతులు, వెనుక తళతళలాడే శిలాఫలకం. చాలామంది ఆ పుట తిప్పేస్తారు. నేను మాత్రం కళ్ళజోడు సవరించుకుని అక్షరం విడువకుండా చదువుతాను.

సాహిత్యం మాట్లాడుకునే మనకు ఈ మురుగు కాలువల గొడవ ఎందుకని మిత్రులు అనవచ్చు. కానీ మన ప్రబంధ కవులు పురవర్ణన చేయనిదే కథలోకి దిగేవారు కారు కదా! మహాకావ్యానికి విధించిన వర్ణనలు పదునెనిమిది. వాటిలో నగర వర్ణనది పెద్దపీట. కోటలు, కందకాలు, మేడలు, ఉద్యానాలు, అంగడి వీధులు అన్నీ ఉంటాయి. నేను చదివిన ప్రబంధాలలో మురుగు కాలువ మాత్రం కనబడలేదు. ఆ లోటును మన రాజ్యాంగం పూరించినది. 74వ సవరణతో 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన అంశాలు కూడా సరిగ్గా పదునెనిమిదే. రోడ్లు, వంతెనలు, మంచినీరు, పారిశుద్ధ్యం, వీధిదీపాలు, శ్మశానాలు, బందెలదొడ్లు, జనన మరణాల లెక్కలు అందులోనివి. ఇదీ ఒక అష్టాదశ వర్ణనమే. కాకపోతే దీనిని చదివి ఆనందిస్తే చాలదు, కట్టి చూపవలె.

ముప్పై యేళ్ళు పిల్లలకు తద్ధితాలు చెప్పినవాడిని కనుక మరొక మాట. 'పుర' శబ్దానికి ఆదివృద్ధి వచ్చి 'పౌర' అయింది. పురమునకు చెందినవాడు పౌరుడు. దేశ పౌరసత్వం, ఓటు హక్కు, గుర్తింపు కార్డు అన్నీ ఆ మాటకు తరువాత తగిలిన అర్థాలు. మొదటి అర్థం ఊరివాడని మాత్రమే. నగరం నుంచి 'నాగరికుడు' పుట్టాడు. పాపం, గ్రామం నుంచి పుట్టిన 'గ్రామ్యం' మాత్రం నింద పాలయింది. ఏమైనా, మనిషి పౌరుడు కావడం ఢిల్లీలో మొదలు కాదు, ఇంటి ముందరి కాలువ దగ్గర మొదలవుతుంది.

పురపాలక సంఘానికి సంవత్సరాంతం డిసెంబరు 31 కాదు, మార్చి 31. మనకు ఉగాది పచ్చడి రోజులు వారికి ఇంటిపన్ను బకాయిల రోజులు. ఆ పన్ను కాగితం కూడా చదవవలసిన వ్రాతే. 1965 నాటి పురపాలక సంఘాల చట్టం ఇంటిపన్నును ఒకే ముద్దగా చూడలేదు. సాధారణ అవసరాలకు కొంత, నీటికి మురుగుకు కొంత, దీపాలకు కొంత, పారిశుద్ధ్యానికి కొంత అని పాళ్ళు వేసినది. దానిపైన రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది 1960 నాటి గ్రంథాలయ చట్టపు చలువ. మా ఊరి గ్రంథాలయంలో పిల్లవాడు పుస్తకం తీసినప్పుడల్లా ఆ 8 పైసలు నాకు గుర్తుకు వస్తాయి. మేడ కట్టినవాడి పన్నులో నుంచి, పెంకుటింటివాడి పన్నులో నుంచి ఒక్కొక్క పైసా నడచివచ్చి ఆ బీరువాలో కూర్చున్నది. పూర్వం ఇంటి అద్దె విలువను బట్టి పన్ను వేసేవారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువను బట్టి వేయడం మొదలుపెట్టి, యేటా పెంపు 15 శాతం దాటకూడదని కట్టడి పెట్టారు. ఆ యేడు మా వీధి అరుగుల మీద దీనిని మించిన చర్చ లేదు.

పన్ను మాట వస్తే తెలుగువాడు చీరాల–పేరాలను తలచుకోకుండా ఉండలేడు. అక్కడ ముందు పంచాయతీ యూనియన్ ఉండేది. 1919 తరువాత మద్రాసు ప్రభుత్వం చీరాలను, పేరాలను కలిపి పురపాలక సంఘం చేసింది. యేటా నాలుగు వేలుగా ఉన్న పన్ను నలభై వేల వరకు పెరిగింది. జనం సుమారు 15 వేలు. వారిలో నేతపని వారు, చిన్న వర్తకులు, రైతులే అధికం. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని వారు మొత్తుకున్నా ప్రభుత్వం వినలేదు. ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులయ్యారు, రామదండును నడిపారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు: అహింసతో పన్ను నిరాకరించడం ఒకటి, పురపాలక సంఘపు ఎల్లలు దాటి ఊరు విడిచిపోవడం రెండవది. జనం రెండవదానిని ఎన్నుకున్నారు. పిల్లాజెల్లలతో, మగ్గాలతో, గొడ్డూగోదతో పొలిమేర దాటి పాకలు వేసుకుని దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి సుమారు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్యగారు జైలుకు వెళ్ళాక, నడిపించేవారు లేక, 1922లో మళ్ళీ ఇళ్ళకు చేరారు. పురపాలక సంఘం మాత్రం పోలేదు.

ఈ కథను తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు "ఓడిపోయారు కదా మాస్టారూ" అనేవారు. నాకు ఇందులో తోచే విశేషం వేరు. 1919 నాటి చట్టం వల్ల స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చిన తొలినాళ్ళవి. ఆ శాఖ చూస్తున్న మంత్రి తెలుగువారైన పానగల్లు రాజాగారే. శాఖ పేరులో స్వపరిపాలన ఉన్నది. ఊరివారిని అడగడం మాత్రం లేదు. చీరాలవారు మురుగు కాలువను ద్వేషించలేదు. మా ఊరికి ఏమి కావాలో, దానికి ఎంత ఇచ్చుకోగలమో మమ్మల్ని అడగండి అన్నారు, అంతే. ఆ ప్రశ్న నేటికీ తీరలేదు.

మొన్నటి చెత్త పన్ను సంగతి చూడండి. 2021లో గాంధీ జయంతినాడు ఇంటింటి చెత్త సేకరణ వాహనాలకు పచ్చజెండా ఊపారు. ఆ సేవకు నెలనెలా రుసుము వసూలు చేశారు. జనం రుసుమనే మాట పలకనే లేదు, చెత్త పన్ను అనే అన్నారు. 2024లో మళ్ళీ గాంధీ జయంతినాడే మచిలీపట్నంలో దానిని రద్దు చేస్తున్నామని ప్రకటించారు. వేసిన రోజూ, తీసిన రోజూ మహాత్ముడిదే! రెండు మార్లూ మా వీధిలో ఎవరూ మమ్మల్ని అడగలేదు. వేసినప్పుడు గొణిగాము, తీసినప్పుడు సంతోషించాము. చెత్త ఎక్కడికి పోతున్నది, తీసేవారికి జీతం ఎక్కడినుంచి వస్తున్నది అని మేమూ అడగలేదు.

ఆ సంగతి తెలిసివచ్చింది ఒక సంవత్సరాంతంలోనే. 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతటా పురపాలక కార్మికులు సమ్మెకు దిగారు. జనవరి రెండవ వారం దాకా, అంటే సంక్రాంతి ముంగిట దాకా అది సాగింది. కొత్త సంవత్సరపు ముగ్గుల ప్రక్కనే కుప్పలు పెరిగాయి. సమ్మె శిబిరంలో నా పాత శిష్యుడొకడు కనిపించాడు. పద్యాలు గొంతెత్తి చదివే పిల్లవాడు. ఇప్పుడు పొరుగు సేవల పద్ధతిలో పారిశుద్ధ్య కార్మికుడు. నన్ను చూసి లేచి నిలబడి, "మీ వీధి వాసన వస్తోందా మాస్టారూ? వస్తుంది. రోజూ మాకు వచ్చేదే అది" అన్నాడు. గొంతులో వెటకారం లేదు, ఉన్న మాట చెప్పాడు. అర్థాలంకారాలన్నీ బోధించిన నాకు ఆ వాక్యానికి సమాధానం దొరకలేదు.

ఇక మా వీధి మెట్ల కథకు వస్తాను. మా నాన్నగారు 1962లో ఇల్లు కట్టించినప్పుడు వీధి నుంచి అరుగెక్కడానికి మూడు మెట్లు. తారు రోడ్డు వచ్చినప్పుడు ఒక మెట్టు మునిగింది. మొదటి సిమెంటు రోడ్డు రెండవదానిని, దానిమీద వేసిన మరొక సిమెంటు రోడ్డు మూడవదానిని మింగాయి. ప్రతి మెట్టూ ఒక అభివృద్ధి పనికి ఆహుతి అన్నమాట. పాత రోడ్డును పగులగొట్టి ఎత్తిపోయడానికి ఖర్చు. అంచనాలో ఆ పద్దు ఉండదు. కనుక పాతదాని మీదే కొత్తది పోస్తారు. కొలతల పుస్తకంలో రోడ్డు పొడవు, వెడల్పు, మందం వ్రాస్తారు. ఏ ఇంటి గడప ఎంత లోతుకు పోయిందో వ్రాసే గడి అందులో లేదు. రోడ్డుతో పాటు సైడు కాలువ గోడ కూడా లేస్తుంది. అప్పుడు ఇంటి తూము కాలువ నీటి మట్టానికి దిగువ అవుతుంది. మన నీళ్ళు బయటికి పోవడానికి బదులు వీధి నీళ్ళు లోపలికి వస్తాయి.

మాకు మూడిళ్ళ అవతల ఎనభై యేళ్ళకు దగ్గరపడిన పిన్నిగారు ఒంటరిగా ఉంటారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కృష్ణా, గుంటూరు సీమలను ముంచిన వానలకు బెజవాడ బుడమేరు వార్తలే అందరూ విన్నారు. ఆ రెండు రాత్రులూ మా పిన్నిగారు మోకాటి లోతు మురుగులో, మంచం మీద ఇటుకలు పేర్చి, వాటిమీద బియ్యం డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు తీశాక, "ఇల్లు అమ్మేస్తే ఎంత వస్తుంది నాయనా?" అని నన్ను అడిగారు.

2025 ఫిబ్రవరిలో మా వీధికి మళ్ళీ సిమెంటు రోడ్డు మంజూరైంది. తాపీపని చేసే శిష్యుడొకడు రసమట్టం, నీళ్ళ గొట్టం పట్టుకుని వచ్చాడు. రెండు ఆదివారాలు ఇంటింటికీ కొలిచి, గడప ఎత్తు, రోడ్డు ఎత్తు అంగుళాలలో వ్రాశాము. నలభై ఒక్క ఇళ్ళలో పదిహేడు గడపలు రోడ్డు కన్నా దిగువ. ఆ కాగితం మీద అందరి చేవ్రాళ్ళు తీసుకుని ఇంజనీరుగారికి ఇచ్చాము. కుర్రవాడు, మర్యాదస్థుడు. కాగితం చూసి, "పాతది తవ్వి తీయవచ్చు సార్, కానీ మంజూరైన డబ్బు అంతే. తవ్వితే రోడ్డు పొడవు తగ్గుతుంది, వీధి చివరి దాకా రాదు" అన్నాడు.

అసలు చిక్కు అక్కడ పుట్టింది. వీధి చివర తొమ్మిది ఇళ్ళు. వారి గడపలు ఎత్తుగానే ఉన్నాయి. వారికి గుంతలే బాధ. ఆ సాయంత్రం మా అరుగు మీద చేరినప్పుడు వారిలో ఒకాయన, "మీ ఇళ్ళలోకి నీళ్ళు రాకూడదని మా పిల్లలు గుంతలలో పడవలెనా మాస్టారూ?" అని సూటిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కాలువ కొస్తే ఎవరి గడపకు ముందు, రోడ్డు కొస్తే ఎవరి గుమ్మానికి ముందు అనేది చిన్న ఊళ్ళలో తీరని తగవు. రాజ్యాంగం వార్డు కమిటీలను తప్పనిసరి చేసినది మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలకు మాత్రమే. మా వంటి ఊళ్ళకు అరుగే వార్డు కమిటీ.

మూడు సాయంత్రాలు వాదించుకున్నాము. ఒకరోజు మాటలు ముదిరి ఇద్దరు లేచిపోయారు కూడా. చివరకు పల్లపు భాగమంతా తవ్వి పాత మట్టానికి దిగువగా రోడ్డు వేయడం, చివరి భాగానికి ఇప్పటికి గుంతలు పూడ్చడం, తరువాతి మంజూరు వారికే అడగడం అని ఒప్పుకున్నాము. అందరికీ సమ్మతమని వ్రాయను. చివరి ఇళ్ళలో ఇద్దరు నేటికీ నాతో ముభావంగానే ఉన్నారు. వారు పన్ను కట్టారు, రోడ్డు మాకు వచ్చింది. ఆ ముభావం వారి హక్కు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. తెల్లవార్లూ వాన. గొడుగు వేసుకుని మూడు మార్లు వెళ్ళి చూశాను. పిన్నిగారి గడప ముందు నీళ్ళు నాలుగు వేళ్ళ దిగువన ఆగి కాలువలోకి మళ్ళుతున్నాయి. లోపల దీపం ఆర్పి ఉన్నది. ఆవిడ నిద్రపోతున్నారు. తుఫాను రాత్రి ఒక ముసలమ్మ నిద్రపోవడం ఏ పత్రికకూ వార్త కాదు.

ఆ డిసెంబరు చివర పత్రికలో మా ఊరి పురోగతి పట్టిక వచ్చింది. అందులో మా వీధి రోడ్డు అనుకున్నదానికన్నా పొట్టిగా నమోదైంది. పట్టిక చూసినవారికి అది లోటుగానే కనిపిస్తుంది. తగ్గిన ఆ మీటర్లలో పదిహేడు ఇళ్ళ పొడి నేల ఉన్నదని మా వీధివారికి తెలుసు. తొమ్మిది ఇళ్ళ బాకీ ఉన్నదని కూడా తెలుసు.

ఆ బాకీ తీర్చడానికి కొత్త అర్జీ సిద్ధం చేశాము. ప్రతి ఇంటి కొలతా అందులో ఉన్నది. చివరి భాగానికి ముందుగా రోడ్డు ఇవ్వమని అడిగే ఆ కాగితం మీద మొదటి చేవ్రాలు పిన్నిగారిది. ఇల్లు అమ్మే మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.