రుషికొండ అలల కింద... ముల్లు మీదే ఊపిరి!

తంబళ్లపల్లెకీ సముద్రానికీ చుట్టరికం ఏమిటంటే... ఏముంది, ఏమీ లేదు! చుట్టూ బండరాళ్ల గుట్టలు, పైన మల్లయ్యకొండ, కింద వేరుసెనగ, టమోటా చేలు. వెయ్యి అడుగులు తవ్వినా బోరులో తడి తగలని ఏళ్లను చూసిన సీమ అది. కానీ విశాఖ రుషికొండ తీరంలో ఆక్సిజన్‌ మాస్కులా కనిపించే సరంజామా తగిలించుకుని నీళ్లలోకి దిగేవాళ్లకు తెలియాల్సిన మొదటి పాఠం ఆ మెట్టప్రాంతపు రైతుకు ఎప్పుడో వచ్చు. అదే... గొట్టం కారితే బతుకు కారినట్టే!

రాళ్లసీమ టు రుషికొండ

మదనపల్లె వైపు నుంచి బయల్దేరితే తిరుపతి మీదుగా విశాఖకు రైలు ప్రయాణమే సుఖం. ఒక్క రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి గాలిలో ఉప్పు వాసన. నగరం నుంచి భీమిలి వెళ్లే దారి... ఒకపక్క కొండలు, మరోపక్క నీలి కెరటాలు. ఆ దారిలోనే రుషికొండ. స్కూబా డైవింగ్‌ అనగానే అండమాన్‌, లక్షద్వీప్‌ గుర్తొచ్చే మనవాళ్లకు ఆ సరదా సొంత రాష్ట్రంలోనే దొరుకుతోందిక్కడ. తుపాన్ల కాలం దాటాక, సముద్రం కాస్త నెమ్మదించిన రోజుల్లో శిక్షకుడు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళతాడు. ఈత రాకపోయినా ఫర్వాలేదంటారు. సరే, ఊపిరి మాటేమిటి?

వీపున ఉండేది నిజానికి ఆక్సిజన్‌ సిలిండరు కాదు. మనం పీల్చే మామూలు గాలే. పదకొండు, పన్నెండు లీటర్ల నీళ్లు పట్టే సిలిండరులో 2,200 లీటర్లకు పైగా గాలిని కుక్కి పెడతారు. రెండు మూడు బీరువాల్లో పట్టేంత అన్నమాట! అందుకే లోపల పీడనం దాదాపు 200 బార్లు ఉంటుంది. కారు టైరులో ఉండేదానికి సుమారు 90 రెట్లు. ఆ గాలిని మనిషి పీల్చుకునేలా తగ్గించి అందించే రెగ్యులేటర్‌ను 1943లో ఫ్రాన్సులో కూస్టో, గన్యాన్‌ రూపొందించారు. ఈనాటి పరికరాలన్నీ దాని వారసులే.

బూర లాంటి గేజీ

గాలి ఎంత మిగిలిందో చెప్పేది సిలిండరు నుంచి సన్నటి గొట్టంతో వేలాడే గేజీ. దాని గుట్టు 1849 నాటిది. యూజీన్‌ బూర్డన్‌ అనే ఫ్రెంచి ఇంజినీరు పేటెంటు పొందిన వంపు గొట్టం లోపల ఉంటుంది. జాతరలో పిల్లలు ఊదితే చుట్ట విప్పుకునే కాగితపు బూర చూశారుగా! అలాగే గాలి తోసినకొద్దీ ఆ వంపు విచ్చుకుంటుంది, ముల్లు తిరుగుతుంది. పంక్చరు షాపు కంప్రెసరు మీదా, బోరు లారీ మీదా, డ్రిప్‌ ఫిల్టరు పక్కనా కనిపించే గేజీలు చాలావరకు ఈ జాతివే.

మరి కారేది ఎక్కడ? ఎక్కువసార్లు గేజీ, గొట్టం కలిసేచోట. అక్కడ అగ్గిపుల్లకన్నా చిన్న ఇరుసు, దానికి రెండు బుల్లి రబ్బరు ఉంగరాలు ఉంటాయి. గేజీని అటూ ఇటూ తిప్పినప్పుడల్లా అవి అరుగుతాయి. ముందు సన్నటి బుడగల దారం మొదలవుతుంది. వాచరు అరిగిన కొళాయి బొట్టు బొట్టుగా కారినట్టే. ఉంగరాలు మారిస్తే చాలు, ఖర్చు స్వల్పం. అయితే గాలి మొత్తం వదిలేశాకే మర ముట్టుకోవాలి. లోపల పీడనం ఉండగా స్పానరు పట్టడమంటే ప్రాణంతో చెలగాటమే.

రబ్బరు ఉంగరమే కదా అని తీసిపారేయకండి. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్‌ పేలిపోయి ఏడుగురు మరణించింది చలికి బిగుసుకుపోయిన అలాంటి ఉంగరం వల్లే!

గొట్టానికి మందు లేదు

గొట్టం పొడవునా బుడగలు వస్తున్నాయంటే లోపలి పొర దెబ్బతిన్నట్టు. చేలో ఉడత కొరికిన డ్రిప్‌ పైపుకి ముక్క అతికించినట్టు ఇక్కడ కుదరదు. టేపు చుట్టకూడదు, కొత్తది వేయాల్సిందే. ఇనప మూతి దగ్గర రబ్బరును వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. దానిమీద ప్లాస్టిక్‌ తొడుగు ఉంటే జరిపి మరీ చూడాలి. ఎండ, ఉప్పు, మడతలే దానికి శత్రువులు. అందుకే ప్రతి మునక తర్వాతా మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాలి.

ఇంకో సంగతి. గేజీకి వెళ్లే గొట్టం తెగితే చప్పుడు భయపెడుతుందిగానీ, రెగ్యులేటర్‌ దగ్గర రంధ్రం సూదిమొనంతే కాబట్టి గాలి కాస్త నెమ్మదిగా పోతుంది. పైకి రావడానికి వ్యవధి దొరుకుతుంది. నోటికి అందించే గొట్టం తెగితే మాత్రం నిమిషాల్లో ఖాళీ! ఏది జరిగినా శిక్షకుడికి సైగ చేసి, అతని రెండో మౌత్‌పీస్‌ అందుకుని, ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా పైకి రావాలి. ఎందుకంటే పది మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి రెట్టింపు. ఊపిరి బిగబట్టి పైకొస్తే గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు.

దిగేముందు మూడు చూపులు

ఒకటి... వాల్వు తిప్పేటప్పుడు గేజీ అద్దాన్ని మీ ముఖం వైపు ఉంచకండి. లోపల లోపముంటే అద్దం ఎగిరిపడొచ్చు.

రెండు... గాలి ఎక్కాక వాల్వు మూయించి, మౌత్‌పీస్‌తో పీల్చకుండా ముల్లునే చూడండి. అది జారుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. చూశాక వాల్వు మళ్లీ తెరిచారో లేదో అడగడం మరవద్దు.

మూడు... సరంజామాను నీళ్లలో ముంచమనండి. పంక్చరు షాపులో ట్యూబును టబ్బులో ముంచినట్టే, బుడగ అబద్ధం చెప్పదు.

ఇవి అడిగితే చిన్నతనమేమీ కాదు. విసుక్కోకుండా చూపించేవాళ్ల దగ్గరే దిగండి. లోపలున్నంతసేపూ గేజీని మీరూ గమనించండి. 50 బార్లు మిగిలుండగానే ఒడ్డున ఉండాలన్నది డైవర్ల లెక్క.

తిరుగు ప్రయాణంలో ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిలోకీ వెళ్లి రండి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది. 91 మీటర్ల ఆ ఇనప గూటి నిండా గొట్టాలు, గేజీలే. నీటి అడుగున మనిషి ఎన్నాళ్లున్నా... ఆ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే!