ఆగస్టులో ముగిసిన యెన్నిక

మా యూరిలో నెన్నికలు నవంబరునెలలో జరుగునని నేను చాలకాలము నమ్మియుంటిని. 2012 నవంబరులో, అమెరికా పౌరసత్వము చేతికి వచ్చిన తరువాత మొట్టమొదట ఓటు వేయుటకు పోవుచు, పెండ్లికి పోవుదానివలె పట్టుచీర కట్టుకొంటిని. పైన మోకాళ్లవరకు ఉన్నికోటు తొడుగుకొనుటచే చీర యెవరికిని కనబడలేదు గాని, కట్టుకొంటినన్న తృప్తి నాకుండెను. ఓటుపత్రము మూరెడు పొడవున్నది. దేశాధ్యక్షపదవి మొదలుకొని పేర్లు బారులు తీరియున్నవి. ఒక్కొక్క గడిని శ్రద్ధతో నల్లచేయుచు దిగి దిగి, మా వార్డు పురపాలకసభ్యత్వము దగ్గరకు వచ్చితిని. అక్కడ ఒకే పేరున్నది. దాని ప్రక్క డెమొక్రాటిక్ పార్టీ యని యున్నది. నేనును ఆ పార్టీకే ఓటు వేయదలచి వచ్చినదానను. అయినను కలము కొంతసేపు గాలిలో నిలిచినది. ఒకే పేరున్నచోట వేయునది ఓటా, వ్రాలా?

తటాలున మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది. 1981లో గ్రామపంచాయతీల యెన్నికలు వచ్చినప్పుడు నాకు పదేండ్లు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి యూరిలో నుంటిని. నామినేషన్లకు గడువు మరునాడనగా, రాత్రి రామాలయపు టరుగుమీద పెద్దలు కూర్చుండిరి. తెల్లవారునప్పటికి సర్పంచి యేర్పడెను. పోటీ లేదు, పోలింగు లేదు. ఊరు ఏకగ్రీవమైనదని చెప్పుకొనుచు ఇంటింటికిని మిఠాయి పంచిరి. అమ్మమ్మ చదువుకొన్నది బడిలో గాదు. తండ్రియొద్ద అమరకోశము వల్లించినది. మిఠాయి తెచ్చిన పాలేరుతో ఆమె, "ఏకగ్రీవమంటే ఏమిటో తెలుసుట్రా? ఒకటే మెడ అని. ఊళ్లో ఇన్ని మెడలుండగా ఆ ఒక్క మెడా ఎవరిదిరా? నా మెడ ఎటు తిరిగిందో ఎవరూ అడగలేదే!" అన్నది. వాడు నవ్వెను. మా తాతయ్య నవ్వలేదు. ఆ యరుగుమీద కూర్చున్నవారిలో ఆయన యొకడు.

ఓటు వేసి వచ్చి, మా వీధిలోనే యున్న యొక వృద్ధురాలిని ఈ యొంటిపేరు సంగతి యడిగితిని. ఆమె విశ్వవిద్యాలయములో ముప్పదియేండ్లు పనిచేసి విరమించినది. నన్ను జాలిగా చూచి, "అది ఆగస్టులోనే అయిపోయింది గదా!" అన్నది.

చదువరులకు మా యూరి సంగతి కొంచెము చెప్పవలెను. మిషిగన్ రాష్ట్రములో, హ్యూరాన్ నదియొడ్డున నున్న ఆన్ ఆర్బర్ అనునది విద్యాపట్టణము. మిషిగన్ విశ్వవిద్యాలయము 1837లో డిట్రాయిటునుండి యిక్కడికి తరలివచ్చినది. 2020 జనాభాలెక్కలో పట్టణపు జనసంఖ్య 1,23,851. విశ్వవిద్యాలయమునందలి విద్యార్థులు ఏబదివేలకు పైబడియుందురు. ఊరు ఐదు వార్డులు. వార్డునకు ఇద్దరు సభ్యులు, వారిపైన మేయరు, మొత్తము పదునొకండుగురు. ఈ పదునొకండుగురును డెమొక్రాట్లే. 2000 సంవత్సరమునకు పిమ్మట రిపబ్లికను మేయరు లేడు. 2011లో రెండవ వార్డునుండి ఏ పార్టీకిని చెందని స్త్రీ యొకతె గెలిచి కొన్నేండ్లు సభలో కూర్చున్నది, అట్టివారు అరుదు. పార్టీలు తమ యభ్యర్థులను నిర్ణయించుకొను ప్రాథమికపు టెన్నిక ఆగస్టు మొదటివారములో జరుగును. రెండవ పార్టీ పోటీకి రాదు, వచ్చినను గెలువదు. కావున ఆగస్టులో డెమొక్రాట్లలో నెవరు నెగ్గిన వారే నవంబరులో సభ్యులు. నవంబరున మేము చేయునది మిఠాయి పుచ్చుకొనుట.

దీనిని ఎవరును కుట్రపన్ని చేయలేదు. మిషిగనులో ఓటరు తన పార్టీ యేదో ముందుగా నమోదు చేసికొననక్కరలేదు. ఆగస్టులో ఎవరైనను వచ్చి డెమొక్రాట్ల వరుసలో గుర్తు పెట్టవచ్చును. అయితే ఒక వరుసలో మొదలిడినవారు రెండవ వరుసను ముట్టగూడదు. ముట్టిరా, ఆ యోటు చెల్లదు. ఊరి సంగతి డెమొక్రాట్ల వరుసలోనే తేలునుగాన, రిపబ్లికనయిన మా పొరుగాయన తన రాష్ట్రపు అభ్యర్థులను వదలుకొని ఊరికొరకు ఈ వరుసకు వచ్చుటయో, తన వారికొరకు ఊరిని వదలుకొనుటయో చేయవలెను. ఆయన ఒకయేడు ఇది, ఒకయేడు అది చేయుచుండును. ఎన్నికలకు ముందు మా వీధిలో మాటాడక తిరుగువాడు ఆయన యొక్కడే.

ఈ యూరు ఎల్లప్పుడు నిట్లుండలేదని నేను తరువాత తెలిసికొంటిని. 1971లో పదునెనిమిదేండ్లవారికి ఓటు వచ్చినది. మరుసటి యేప్రిలులో — ఆ కాలమున పురపాలకపు టెన్నికలు ఏప్రిలులో, తరగతులు సాగుచుండగనే జరుగుచుండెను — మానవహక్కుల పార్టీ యను క్రొత్తపక్షము రెండు స్థానములు గెలిచినది. 1974లో ఆ పక్షముననే క్యాథీ కొజచెంకో యను యువతి, తాను స్త్రీని ప్రేమించు స్త్రీనని దాచక చెప్పుకొనియే నిలిచి గెలిచినది. అమెరికాలో అట్లు చెప్పుకొని గెలిచినవారిలో ఆమెయే మొదటిది. మూడు పక్షములుండుటచే ఓట్లు చీలిపోవుచుండగా, ఓటరు తనకు మొదటివారెవరో రెండవవారెవరో వరుస వ్రాయు పద్ధతిని 1975లో తెచ్చిరి. మొదటి లెక్కలో రిపబ్లికను మేయరు ముందున్నాడు. మూడవ పక్షమువారి రెండవ కోరికలు కలుపగా ఆల్బర్ట్ వీలర్ గెలిచి ఈ యూరికి మొదటి నల్లజాతి మేయరయ్యెను. ఓడినవారికి ఆ పద్ధతి నచ్చలేదు. మరుసటి యేడే ప్రజల యోటుతో దానిని తీసివేసిరి.

1977 కథ యింకను వింతయైనది. వీలరునకు 10,660 ఓట్లు, ఆయన ప్రత్యర్థి లూయీ బెల్చరునకు 10,659. ఒక్క యోటు! వ్యాజ్యమునకు పోగా, పట్టణపు పొలిమేర యవతల నుండువారు ఇరువదిమంది పొరపాటున ఇక్కడ ఓటు వేసిరని బయటపడినది. న్యాయాధిపతి వారిని పిలిచి, ఎవరికి వేసితిరో చెప్పుడని యడిగెను. కొందరు చెప్పిరి. ఒక విద్యార్థిని చెప్పననినది. ఆజ్ఞ ధిక్కరించెనని భయపెట్టినను చెప్పలేదు. రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము 1978లో ఆమె పక్షముననే తీర్పు చెప్పినది. పొరపాటున వేసినను, తెలిసి మోసము చేయనివారి యోటు రహస్యమే యని. మరల నెన్నిక పెట్టగా బెల్చరు గెలిచెను. మా వీధి వృద్ధురాలు 1977లో వీలరునకు వేసిన ఆ యొక్క యోటు తనదే యని నేటికిని చెప్పును. ఆనాడు వేసిన 10,660 మందియు నిట్లే చెప్పుదురు కాబోలు. వారిలో నెవరిమాటయు అబద్ధము కాదు.

ఒకప్పుడు ఒక్క యోటుకొరకు న్యాయస్థానములకెక్కిన యూరిది! ఆ దినములు స్వర్ణయుగమని నేననను. అప్పటి సభలలో రాత్రి తెల్లవారుజాముదాక కేకలాటలని వినియున్నాను. కాని కేకలు సభలో వినబడినవి. ఊరివారు విని ఎటో యొకయెటు తిరిగిరి.

మా యమ్మాయి ఇక్కడి విశ్వవిద్యాలయముననే చదివినది. మూడవ యేట నుండి స్నేహితురాండ్రతో విద్యార్థుల వీధులలో నొక పాతయింట అద్దెకుండెను. ఆ యిండ్ల ఒడంబడికలు ఆగస్టు కడపట తీరును. పాతవారు దిగిపోవుట, క్రొత్తవారు ఎక్కుట, నడుమ కాలిబాటలమీద సోఫాలు, పరుపులు కుప్పలుగా పడియుండుట — ఆ వారము మా యూరికి సంక్రాంతి ముందరి భోగివంటిది, మంట యొక్కటే తక్కువ. ఇంటద్దెలు మితిమీరినవని ఆ పిల్లలు ఏడాదిపొడవున మొత్తుకొందురు. ఇండ్లెన్ని కట్టవలెను, ఎంత యెత్తు కట్టనీయవలెనను ప్రశ్నలమీదనే మా పురపాలకసభ రెండు ముఠాలుగా చీలినది. ఆ ప్రశ్న తేలునది ఆగస్టు మొదటివారములో. అప్పుడీ పిల్లలలో సగముమంది తలిదండ్రుల యిండ్లలోనో, వేసవి కొలువులలోనో యుందురు. టపాలో ఓటు పంపవచ్చును, 2018 నుండి దానికి కారణము సయితము చెప్పనక్కరలేదు. నేనీ మాట చెప్పగా మా యమ్మాయి, "ఏ చిరునామాకి రప్పించుకోమంటావమ్మా? పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాం, కొత్త ఇల్లు ఇంకా చేతికి రాలేదు. అయినా ఆ పేర్లలో ఎవరు ఇళ్లు కట్టనిస్తారో, ఎవరు వద్దంటారో ఎట్లా తెలుస్తుంది? అందరూ డెమొక్రాట్లేగా!" అన్నది.

దాని రెండవ ప్రశ్న నన్ను నేటికిని పొడుచుచున్నది. 2018 ఆగస్టులో మేయరునకు ఎదురు నిలిచిన ముఠావారు బలపడిరి. 2020 ఆగస్టులోను 2022 ఆగస్టులోను మేయరు పక్షమువారు ఊడ్చివేసిరి. కడకు సభలో ఎదురాడువారు లేకపోయిరి. ఇంత సంగ్రామము జరిగినది, ఇరువైపుల వారికిని బిరుదు ఒకటే. నవంబరున ఓటుపత్రము చూచువానికి ఊరు ఎటు తిరిగినదో తెలియదు. మా వార్డులు చక్రపుటాకులవలె ఊరి నడుమనుండి అంచులకు చీలియున్నవి. పట్టణపు శాసనమే అట్లు చీల్చుమన్నది. విద్యార్థుల వీధులు నడుమనున్నవి గనుక, తలా యొక ముక్కగా ఐదు వార్డులలోనికి పోయినవి. యాబదివేలమంది యున్నచోట తమదని చెప్పుకొను వార్డొక్కటియు వారికి లేదు.

సభవారు చెడ్డవారని నేననను. చెట్లు, ఉద్యానములు, పట్టణము చుట్టునున్న పొలములను కాపాడుటకు 2003లో ప్రజలే యొప్పుకొన్న పన్ను, ఇవన్నియు నాకిష్టమే. నాకు తోచిన చిక్కు వేరు. గ్రంథాలయము ప్రక్క స్థలము ఉద్యానము కావలెనని 2018 నవంబరులో ప్రజలు తీర్మానించిరి. 2025 ఆగస్టులో ఆ తీర్మానమును ప్రజలే రద్దుచేసిరి. రెండవది మంచిదే కావచ్చును, నేను దానికే ఓటు వేసితిని. కాని ఈ రెండు 'ప్రజలు' ఒకరేనా యని సందేహము.

మన తెలుగువారి సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. ఈ చుట్టుప్రక్కల తెలుగు కుటుంబములు వేలకొలది యున్నవి. మా విందులలో అమరావతి కట్టుబడి మొదలుకొని హైదరాబాదు కార్పొరేషనువరకు నోటిమీదనుండును. తమ వార్డుసభ్యుని పేరు చెప్పుడని యొకనాడు భోజనముల దగ్గర అడిగితిని. పదునలుగురిలో ఇద్దరు చెప్పిరి. ఆ యిద్దరిలో నొకరు చెప్పినది తప్పు. 2012 నవంబరుకు ముందైన నేనును ఆ పండ్రెండుగురిలోనిదాననే.

ఇక 2024 నవంబరు. పురపాలకపు టెన్నికలలో పార్టీపేర్లు తీసివేయవలెననియు, ఆగస్టు వరుసల బెడద పోవలెననియు ఒక ప్రతిపాదన ప్రజలముందుకు వచ్చినది. పండ్రెండేండ్లుగా నేను గొణుగుచున్నది ఇదే. వంటయింట, వాకిట, విందులలో దీనికొరకు వాదించితిని. ఓటుపత్రము ముందు నిలుచున్నప్పుడు మాత్రము మరల తెనాలి దగ్గరి యూరు కనబడినది. మన గ్రామపంచాయతీ యెన్నికలకు పార్టీగుర్తులు లేవు. చట్టప్రకారము అవి పార్టీలకతీతము. ఏ గుర్తు ఏ పార్టీవారిదో ఊరిలో పాలుత్రాగు పిల్లవాడు చెప్పును. చెప్పలేనివాడు క్రొత్తగా కాపురమునకు వచ్చినవాడొక్కడే. ఇక్కడను పేరు తీసివేసిన, సెప్టెంబరులో దిగిన విద్యార్థికి ఆ పాటి ఆనవాలును పోవునుగదా! అదియు గాక, ఆ యేడు దేశాధ్యక్షుని యెన్నిక. ఆ పత్రముమీద పార్టీ యను మాట చూచుటకే భయముగా నుండెను, చూడకుండుటకును భయముగానే యుండెను. 2021లో వరుసకోరికల ఓటును పెద్ద యాధిక్యముతో మరల నొప్పుకొన్న యూరిది. రాష్ట్రశాసనము అనుమతింపక అది కాగితముమీదనే యున్నది. అది యుండిన నాకీ సందిగ్ధము తప్పెడిది.

గడి నల్లచేసి వచ్చితిని. ప్రతిపాదన ఓడిపోయినది. ఆ రాత్రి మా యమ్మాయి ఫోనులో, "ఇన్నేళ్లు గోల పెట్టావుగా, ఏమని వేశావమ్మా?" అని యడిగెను.

"1977లో నీ యీడు పిల్ల న్యాయాధిపతికే చెప్పలేదు. నీకెందుకు చెప్పాలే?" అంటిని.

కొంచెమాగి అది, "అయితే వద్దనే వేశావన్నమాట" అన్నది.