వదినగారి భాషలోని క్రియాపదములు

పరదేశమున నున్న కూఁతురు తల్లితో నిజము చెప్పదు. "బాగుగానే యున్నానమ్మా, దిగులు పెట్టుకొనకుము" అనును. అంతకు మించి యొక్క మాట రాఁబట్టుట బ్రహ్మతరము గాదు. నిజము తెలియవలయునన్న దాని యత్తగారి నడుగవలయును. మా అమ్మాయి యత్తగారు ఇటలీదేశమున బొలోన్య నగరమునఁ గాఁపురమున్నారు. వారికి ఇంగ్లీషు రాదు. నాకు ఇటాలియను రాదు. మా యిరువురకును దుబాసి మా అమ్మాయియే. దాని నిద్రాహారములను గూర్చి నేనడిగిన ప్రశ్నను అదియే తర్జుమా చేసి, వచ్చిన జవాబును దానే వడియఁగట్టి వినిపించుచుండఁగా నాకుఁ దెలియున దేమి? నిరుడు దానికి నెలదప్పిన వార్త వచ్చిన వారముననే యొక ఇటాలియను వ్యాకరణమును దెప్పించుకొని, యేఁబదిరెండవ యేఁట మరల పెద్దబాలశిక్ష పట్టిన పిల్లవలెఁ గూర్చుంటిని. మనలో వియ్యపురాండ్రు "వదినగారూ" యని పిలుచుకొందురు గదా. ఇచటను నేనట్లే వ్రాయుదును.

నామవాచకములతో నంతగాఁ జిక్కు లేదు. గిన్నెనైనను గుడ్డనైనను ఫోనులో వ్రేలితోఁ జూపవచ్చును. "తినుచున్నది", "తినెడిది", "తినునుగాని" యనువానిని జూపుటకు ఏ వ్రేలును జాలదు. కావునఁ గ్రియలతోనే మొదలిడితిని.

ఇటాలియను క్రియలు మూఁడు కుటుంబములు. నిఘంటువునఁ గానవచ్చు రూపము ఆరె, ఎరె, ఇరె యను మూఁటిలో నొకదానితో ముగియును. పార్లారె యనఁగా మాటలాడుట. క్రేదెరె యనఁగా నమ్ముట. దోర్మిరె యనఁగా నిద్రించుట. ఆ తోఁకను గత్తిరించినచో మిగులునది ధాతువు. దానికిఁ బ్రత్యయములు చేర్చిన పార్లొ, పార్లి, పార్ల, పార్లియామొ, పార్లాతె, పార్లనొ యని వర్తమానమున నాఱు రూపములు వచ్చును: నేను, నీవు, ఆమె లేక యతఁడు, మేము, మీరు, వారు. ఈ యాఱును నోటికి వచ్చెనేని ఆ కుటుంబమున వేలకొలఁది క్రియలు చేతికి వచ్చినట్లే. క్రొత్తగాఁ బుట్టిన క్రియలును సాధారణముగా నీ యింటనే చేరును. టెలిఫోను పుట్టఁగానే తెలెఫొనారె పుట్టినది. ఇరె కుటుంబమున మాత్ర మొక చీలిక గలదు. కపిరె, అనఁగా గ్రహించుట, మొదలగువానికి నడుమ నొక ఇస్కు చేరి కపీస్కొ యగును. మేము, మీరు అను రెండుచోట్ల నది తొలఁగిపోవును. "నోన్ కపీస్కొ", నాకు బోధపడలేదు, అను వాక్యమును మొదటి నెలలో నేను వాడినన్ని మాఱులు మఱి దేనిని వాడలేదు.

మా నాయనగారు చిన్నతనమున రామశబ్దమును వల్లె వేయించిన రాగముననే వీనిని వల్లించుచు కందిపప్పు వేయించుచుండఁగా మా యింటివారు నవ్విరి. నవ్వనిండు. మన తెనుఁగును తూర్పుదేశపు ఇటాలియను అని పొగడుట విని విని నాకు విసుగుపుట్టినది. అయినను ఆ పొగడ్తలోని సత్యము క్రియలకడఁ దెలిసినది. ఈ యాఱు రూపములును అజంతములే. మన మాటలవలె నచ్చుతో ముగియును. "వచ్చితిని" యన్నచో "నేను" అననక్కఱలేదు. "పార్లొ" యన్నను అంతియే. తుది యచ్చే మనిషిని జెప్పును. మాటలాడుచు అనుటకు పార్లాందొ యందురు. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) శత్రర్థకమని పేరువెట్టినది యిదియే కదా యని సంతోషించితిని. "మాటలాడుదుము" అనుటకు పార్లెరేమొ. "మాటలాడుదుము గాని" యను భావమునకు పార్లెరెమ్మొ. భేదమొక్క మకారపు వత్తు. గడికిని గడ్డికిని భేద మెఱిఁగిన మన చెవి కిది కష్టము గాదు.

వ్యాకరణపుస్తకమున నేడు క్రియార్థరీతులును, అన్నిటిలోఁ గలసి యిరువదియొక్క కాలములును గలవు. పట్టికను జూచినప్పుడు గుండె గుభేలుమనును. కాని వీనిలో సుమారు సగము ఉండుట, కలిగియుండుట యను రెండు సహాయక్రియలతోఁ గట్టిన జంటరూపములు. ఆ రెంటిని నేర్చి, పార్లాతొ, క్రెదూతొ, దోర్మీతొ యను భూతరూపములను జేర్చిన చాలును. దూరభూతమని యొకటి గలదు. ఒత్తి పలికి "పార్లో" యన్నచో "మాటలాడెను" అని యర్థము. 1883లో పుస్తకముగా వెలువడిన కొల్లోదిగారి పినోక్యొ కథ యంతయు నీ కాలముననే నడచును. దక్షిణ ఇటలీవారు దీనిని సంభాషణలోను వాడుదురు. బొలోన్యవంటి యుత్తరపు టూళ్లలో నిది పుస్తకములకే పరిమితము. నేను పత్రికలోఁ జెప్పితిని, వచ్చితిని యని వ్రాయుచు, ఇంట వేఱొకరీతి మాటలాడుదును గనుక నాకిది వింతగాఁ దోఁపలేదు.

నాకు మిక్కిలి ప్రియమైనది అసంపూర్ణభూతము. పార్లావొ, క్రెదేవొ, దోర్మీవొ: మాటలాడుచుంటిని, నమ్ముచుంటిని, నిద్రించుచుంటిని. మూఁడు కుటుంబములకును నడుమ నొక వకారము. అంతకంటె సులువైనది యా భాషలో లేదు. ఎదురుచూచుటకు అస్పెత్తారె యందురు. కడుపుతో నుండుటకును ఆ క్రియనే వాడుదురు. ఒకనాఁడు వదినగారు తన కొడుకును "అస్పెత్తావొ", అనఁగా నెదురుచూచుచున్న, దినములనుగూర్చి చాలసేపు చెప్పిరి. నాకు సగమే తెలిసినది. కాని వావొ, వావొ యని వినఁబడుచున్నంతసేపును ఆమె పాతదినములలోఁ దిరుగుచున్నారని మాత్రము తెలియుచునే యుండెను.

ఇఁక సంశయార్థకమును గూర్చి. నమ్ముచున్నాను, ఆశించుచున్నాను, కోరుచున్నాను అనువాని తరువాత వచ్చు క్రియకు రూపము మాఱును. మాఱుట యెట్లనఁగా, ఆరె కుటుంబమువారు ఇకారమును, తక్కిన రెండు కుటుంబములవారు అకారమును దెచ్చుకొందురు. పండుగనాఁడు తోడికోడండ్రు చీరలు మార్చుకొన్నట్లు! "దోర్మె" యనఁగా నిద్రించుచున్నది, నేనెఱుఁగుదును. "క్రేదొ కె దోర్మ" యనఁగా నిద్రించుచున్నదనుకొందును. ఈ యొక్క యచ్చుకొఱకే నేనింత చదువును జదివితిననిపించిన దినమొకటి వచ్చినది.

అమ్మాయికి ఏడవనెల. శీతకాలమగుటచే వారికి సాయంకాలము నాలుగు గంటలైనప్పుడు మాకు రాత్రి యెనిమిదిన్నర. అది స్నానమునకుఁ బోయియుండఁగా వదినగారు ఫోను తీసిరి. దుబాసి లేదు. తిండి సంగతి యడిగితిని. "మాంజ, మాంజ" అనిరి, తినుచున్నది, తినుచున్నది. ఆ మాటలో జంకు లేదు. రాత్రులు నిద్రించుచున్నదా యంటిని. కొంచె మాఁగి, "క్రేదొ కె దోర్మ" అనిరి. దోర్మె యనలేదు. నా చెవి యా అకారముకడ నాఁగిపోయెను. ఇంకొకమాఱు అడుగఁగా "దోర్మిరెబ్బె, మా..." అనిరి. దోర్మిరెబ్బె యనఁగా "నిద్రించునుగాని" వంటి రూపము. ఆ "ఎబ్బె" వినఁబడెనేని వెనుక నొక యడ్డంకి కలదన్నమాట. మా యనఁగా కాని. ఆ కాని వెనుక నడుమునొప్పి వచ్చినది. మూఁడువారములుగా నది రాత్రులు కుర్చీలోఁ గూర్చుండి తెల్లవార్చుచున్నదఁట. నాకు మాత్రము "బాగుగానే యున్నానమ్మా".

కూఁతును గోపించితినా యని మీరడుగుదురు. లేదు. ఆ వారముననే డాక్టరమ్మకుఁ జెప్పించితిని, విశ్రాంతియు, కొన్ని వ్యాయామములును విధించిరి, నిద్ర కుదిరినది. తరువాత వదినగారు ఫోనెత్తినప్పుడెల్ల నేనడుగక మునుపే "దోర్మె, దోర్మె" యని యెకారమును నొక్కి పలుకుచుండిరి.

స్త్రీలు గమనింపఁదగిన దింకొకటి గలదు. "వచ్చితిని" యని తెనుఁగునఁ జెప్పినవారు స్త్రీయో పురుషుఁడో తెలియదు. వారి జంటరూపములలో, ఉండుట సహాయక్రియగా వచ్చినపుడు, స్త్రీ "సోనొ అర్రివాత" యనును, పురుషుఁడు "సోనొ అర్రివాతొ" యనును. పుట్టఁబోవునది యాఁడుపిల్లయో మగపిల్లవాఁడో ముందుగాఁ దెలిసికొనవలదని యాలుమగలు నిశ్చయించుకొనిరి. ఫాల్గుణమాసమున నొక వేకువజామున ఫోను మ్రోగినది. వదినగారి గొంతు: "ఎ అర్రివాత!" వచ్చినది! కుశలమడుగుటకును ముందే మా యింటివారిని లేపి, మనుమరాలని చెప్పితిని. "ఆమె పాప యనలేదే, నీకెట్లు తెలిసెను?" అనిరి వారు. తుది యచ్చు చెప్పినదంటిని.

నేను వదినగారిని మొదటినుండియు "లేయి" యని సంబోధించుచుంటిని. లేయి యనఁగా "ఆమె". గౌరవింపఁదగినవారు పురుషులైనను స్త్రీలైనను వారిని "ఆమె" యనియే పలుకరింతురు. పూర్వము "తమ ప్రభుత్వము" వంటి స్త్రీలింగపు బిరుదుతోఁ బిలుచుటనుండి యిది వచ్చినది. మనవారు "ఏలినవారు దయచేయవలెను" అనుటవంటిదే. 1938లో ఫాసిస్టు ప్రభుత్వము లేయిని నిషేధించి, వోయి యనవలయునని శాసించెను. "లేయి" యను పేరుగల స్త్రీల పత్రిక యొకటి, తన పేరునకు "ఆమె" యనియే యర్థమైనను, ఆ యేఁడే "అన్నబెల్ల" యని పేరు మార్చుకొనవలసివచ్చెను. సర్వనామమునకే భయపడు ప్రభుత్వముల సంగతి యేమి చెప్పుదుము! యుద్ధానంతరమున లేయి మరల వచ్చినది. లేయి యన్నప్పుడు ఆజ్ఞకును సంశయార్థకరూపమే వాడవలయును: నీవు తినుమన్నచో మాంజ, తమరు తినుఁడన్నచో మాంజి. నెలలకొలఁది నేను మాంజి, పార్లి, అస్పెత్తి యని శ్రద్ధగాఁ బలుకుచుంటిని.

పాప పుట్టిన నలువదవనాఁడు వదినగారు, మనమిఁక "తూ" అనుకొందమనిరి. తూ యనఁగా నీవు. పెద్దవారే యట్లు ముందు చెప్పుట వారి మర్యాద. ఆమె నాకంటె తొమ్మిదేండ్లు పెద్ద. కాదనుట బాగుండదు. కాని వియ్యపురాలిని "నీవు" అనుటకు నా నాలుక యెట్లాడును? మాంజి పోయి మాంజ వచ్చినది, పార్లి పోయి పార్ల వచ్చినది. చేర్చుకొన్న అచ్చులన్నిటిని మరల మార్చుకొనవలసివచ్చినది. అందుచేత నొక యుపాయము చేసితిని. ఇటాలియనున తూ యని పలికి, వాక్యము చివర తెనుఁగున "వదినగారూ" యని చేర్చుచున్నాను. మొన్న ఆదివారము, పాప యొడిలో నిద్రించుచుండఁగా, ఆ చివరనున్న "గారు" ఏమని వదినగారు నన్నడిగిరి. "అది మా లేయి" యని చెప్పితిని.