నట్టల మందు ముక్కులో కొడితే

కేంబ్రిడ్జ్ రైల్వే స్టేషన్ బయట ఆడెన్‌బ్రూక్స్ అని అడిగితే చాలు, ఎక్కాల్సిన బస్సు ఎవరైనా చూపిస్తారు. ఊరికి దక్షిణపు కొసన ఉంటుంది ఆ ఆసుపత్రి. దాని పొగగొట్టం చాలా దూరానికే కనబడుతుంది. ఆవరణలో దిగితే ఓ మోస్తరు పట్నంలో దిగినట్టే: బస్‌స్టాండు, తిండి దుకాణాలు, ఎడతెగని సైకిళ్ల వరసలు. ఎప్పుడో 1766లో ఒక వైద్యుడు రాసిపోయిన ఆస్తితో ఊరి నడుమ మొదలైన ధర్మాసుపత్రి ఇది. 1962లో ఇక్కడ కొత్త భవనాలు తెరిచారు. బ్రిటన్‌లో మొదటి కాలేయ మార్పిడి 1968లో ఈ ఆసుపత్రిలోనే జరిగింది. పక్క వీధిలాంటి దూరంలో మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాల ఉంది. మన శాస్త్రవేత్త వెంకట్రామన్ రామకృష్ణన్ పనిచేసిన చోటు అదే.

ఆసుపత్రి వెనకనుంచి గ్రేట్ షెల్‌ఫర్డ్ అనే పల్లెకు ఒక సైకిల్ దారి పోతుంది. దాని మీద అడ్డంగా నాలుగు రంగుల పట్టీలు గీశారు, మొత్తం 10,257. రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడ్డ బీఆర్‌సీఏ2 జన్యువులో అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే పట్టీలు కూడా. టైము ఉంది కదా అని కొంతదూరం వాటి మీద నడిచాను. బడిపిల్లలు బెల్లు కొట్టుకుంటూ జన్యువు మీదుగా ఇళ్లకు పోతున్నారు.

నేను వెళ్లిన పని వేరు. కొవిడ్ రోజుల్లో ఇక్కడివాళ్లు ఒక పాత నట్టల మందు తీసుకుని, దాన్ని ముక్కులో కొట్టుకునే స్ప్రేగా మార్చి, వైరస్ సోకకుండా ఆపుతుందేమో పరీక్షించారు. ట్రయల్ పేరు ప్రొటెక్ట్-వి. 2021 ఫిబ్రవరిలో మొదలైంది. నడిపించింది కిడ్నీ వైద్యురాలు డాక్టర్ రోనా స్మిత్. అందులో పాల్గొన్న ఒక తెలుగు పెద్దాయన ఇక్కడి ఉగాది సంబరాల్లో తగిలాడు. తెనాలి దగ్గరి మనిషి, రిటైరైన ఇంజినీరు, మార్పిడి చేసిన కిడ్నీతో బతుకుతున్నాడు. "క్లినిక్ ఉంది నాకు, తోడు రావటోయ్, అక్కడ కూచుంటే గంటసేపు ఎటూ కదలనివ్వరు, అంతా చెప్తా" అన్నాడు. అలా వెళ్లాను.

కిడ్నీ రోగులనే ఎందుకు తీసుకున్నారని అడిగితే ఆయన నవ్వాడు. "తక్కినవాళ్లంతా ఇంట్లో తలుపులేసుకున్నారు. డయాలిసిస్‌వాడు ఎక్కడ వేసుకుంటాడు?" వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు, పదిమందితో కలిసి ఒకే హాల్లో పడుకోవాలి. రాకపోతే రక్తం విషమవుతుంది, వస్తే వైరస్ భయం. మొదటి విడతలో బ్రిటన్‌లో కొవిడ్ సోకిన డయాలిసిస్ రోగుల్లో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు చనిపోయారు. మార్పిడి చేయించుకున్నవాళ్ల బాధ ఇంకోరకం. పెట్టిన కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని అణచే మాత్రలు జన్మంతా మింగాలి. ఆ మాత్రల వల్ల టీకా వేసినా చాలామంది ఒంట్లో తగినన్ని యాంటీబాడీలు పుట్టవు. ఊరంతా టీకాతో ఊపిరి పీల్చుకున్న రోజున కూడా వీళ్లకు ధీమా లేదు. టీకా చేయలేని పని మందు చేస్తుందా అన్నది అసలు ప్రశ్న.

మందు పేరు నిక్లోసమైడ్. దీని కథ నాకు భలే ఇష్టం. 1950లలో జర్మనీలోని బాయర్ కంపెనీ దీన్ని తయారుచేసింది, మనుషుల కోసం కాదు, నత్తల్ని చంపడానికి. బిల్హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు మంచినీటి నత్తల్లో పెరుగుతుంది, నత్తలు పోతే జబ్బు పోతుందని లెక్క. తర్వాత చూస్తే మనిషి పేగుల్లోని బద్దెపురుగులకూ ఇది యముడని తేలింది. 1960ల మొదట్లో మాత్రగా బజారుకొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ చేరింది. అమెరికా, కెనడాల మధ్యనున్న పెద్ద సరస్సుల్లో చేపల రక్తం పీల్చే లాంప్రేలను చంపడానికి ఇప్పటికీ దీన్ని నీళ్లలో కలుపుతారు. పురుగు కణాల్లో శక్తి పుట్టే ఏర్పాటును ఇది చెడగొడుతుంది. పేగులనుంచి రక్తంలోకి పెద్దగా ఎక్కదు కనుక పురుగు చస్తుంది, మనిషికి హాని అంతగా ఉండదు.

2004లోనే సార్స్ వైరస్‌ను గాజుపళ్లెంలో ఇది అడ్డుకుంటుందని తైవాన్ పరిశోధకులు చూపించారు. 2020లో కొరియాలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఆమోదం పొందిన మందుల్ని కొవిడ్ వైరస్ మీద వరసపెట్టి పరీక్షిస్తే ముందు వరసలో నిలిచినవాటిలో ఇదొకటి. 2021లో లండన్ కింగ్స్ కాలేజీవాళ్లు ఇంకో సంగతి తేల్చారు. కొవిడ్‌తో పోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలవుతున్నాయి, ఆ అతుకును నిక్లోసమైడ్ ఆపగలుగుతోంది. పాతది, చవకైనది, ప్రమాదం తక్కువది. ఆశ పుట్టడంలో తప్పేముంది?

చిక్కల్లా ఒకటే. రక్తంలోకి ఎక్కకపోవడం పురుగుల పనికి వరం, వైరస్ పనికి శాపం. అందుకే వైరస్ మొదట దిగే ముక్కులోకే నేరుగా మందు పంపుదామనుకున్నారు. డెన్మార్క్‌లోని యూనియన్ థెరప్యూటిక్స్ అనే సంస్థ స్ప్రే తయారుచేసి ఇచ్చింది. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి, రెండు ముక్కుపుటాల్లోనూ. నెలల తరబడి.

"చూపిస్తా చూడు" అని పెద్దాయన ఖాళీ చేత్తోనే అభినయించాడు. తల కాస్త ముందుకు వంచి, ఒక పుటం వేలితో మూసి, రెండోదాంట్లో బొటనవేలితో నొక్కి, కళ్లు గట్టిగా మూసుకుని, ఓ క్షణం అలాగే ఉండిపోయాడు. "పచ్చిమిరపకాయ కోసిన వేలు ముక్కులో పెట్టుకున్నట్టుండేది. కళ్లవెంట నీళ్లు. మా ఆవిడ, ఎందుకండీ ఈ బాధ, మానెయ్యండి అనేది. మంట పుడుతోందంటే నాకు అసలు మందే వచ్చింది అనుకుని సంబరపడేవాణ్ని."

ఆయన సంబరం మీద నీళ్లు చల్లింది ఒక తెలుగమ్మాయి. మందుల విభాగంలో ట్రయల్స్ పని చూస్తుంది, వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదివింది. టీ తాగే విరామంలో మా దగ్గర కూచుంది. "మంటను బట్టి చెప్పలేం అంకుల్. మందు లేని ద్రావణం కూడా కొందరికి ముక్కులో మండుతది" అంది. ఇలాంటి ట్రయల్లో సీసాలన్నీ ఒకేలా ఉంటాయి. మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్తుత్తిది. ఎవరికి ఏది పోవాలో కంప్యూటరు చీటీ వేస్తుంది. రోగికి తెలియదు, పరీక్ష చేసే డాక్టరుకూ తెలియదు. "డాక్టరుకు తెలిస్తే ఏమవుతుంది?" అన్నాను. "మంచోళ్లే సార్, కానీ మనసు ఊకోదు. అసలు మందు తీసుకున్నాయన దగ్గితే ఏదో దుమ్ము అనిపిస్తది. ఇంకొకాయన దగ్గితే వెంటనే కొవిడ్ టెస్ట్ రాస్తరు" అంది. పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదివిన విషయం ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

బ్రిటన్‌లోని చాలా ఆసుపత్రులతోపాటు, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ద్వారా మన దేశంలోనూ రోగులు ఈ ట్రయల్లో చేరారు. మొత్తం 1,600 మందికి పైగా. ఫలితం? పని చెయ్యలేదు. మందు కొట్టుకున్నవాళ్లలోనూ, ఉత్తుత్తిది కొట్టుకున్నవాళ్లలోనూ లక్షణాలతో కొవిడ్ వచ్చినవాళ్లు దాదాపు సమానమే. పైగా మందు తీసుకున్నవాళ్లకు ముక్కు మంట ఎక్కువ. అదే చట్రంలో తర్వాత సిక్లెసొనైడ్, సొట్రోవిమాబ్ అనే మరో రెండు మందులు పరీక్షకు వచ్చాయి.

"అన్నాళ్లు ముక్కు మండించుకుంది ఇందుకా అని బాధేయలేదూ?" అని పెద్దాయన్ని అడిగాను. "ఎందుకోయ్ బాధ? బ్రిడ్జి కట్టేముందు నేల తవ్వి చూస్తాం. రాయి తగల్లేదని తెలిస్తే అక్కడ కట్టం. తవ్వకం దండగా?" అన్నాడు. ఇంజినీరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

నాకు మాత్రం అక్కడ కూచునుంటే మన దగ్గరి 2021 మే నెల కళ్లముందు కదిలింది. మందుల షాపుల ముందు బారులు తీరి జనం ఐవర్‌మెక్టిన్ కొన్నారు. అదీ పురుగుల మందే. ఇంటిల్లిపాదికీ కోర్సు, కొవిడ్ వచ్చినా రాకున్నా. గోవా ప్రభుత్వమైతే పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివారికీ అయిదు రోజులపాటు 12 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తామని ప్రకటించింది. ఏ ఆధారంతో? ఆస్ట్రేలియాలో గాజుపళ్లెంలోని కణాల మీద వైరస్‌ను అది ఆపింది, నిజమే. ఆ పళ్లెంలో వాడినంత మోతాదు మామూలు మాత్రతో మనిషి రక్తంలోకి చేరదన్న మాట వాట్సాప్‌లో తిరగలేదు. ఈజిప్టు నుంచి వచ్చిన ఒక అధ్యయనం భేషుగ్గా పనిచేసిందని చెప్పింది. లెక్కల్లో తేడాలు బయటపడి 2021 జులైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

అంతకు ఏడాది ముందు మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వంతు. 2020 మార్చిలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వైద్య సిబ్బందిని ముందుజాగ్రత్తగా వేసుకొమ్మంది. జూన్‌కల్లా మినెసోటా యూనివర్సిటీవాళ్లు, కొవిడ్ రోగుల దగ్గర మసలిన 821 మంది మీద జరిపిన పరీక్షలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని ప్రకటించారు. ఆ మాట మన మందుల షాపు దాకా రావడానికి చాలాకాలం పట్టింది. 2021 సెప్టెంబరులో గానీ ఈ రెండు మందులూ జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి పోలేదు.

మనవాళ్లకు పరీక్షించడం చేతకాదని కాదు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థ ఇదే నిక్లోసమైడ్ తయారీకి మెరుగైన పద్ధతి కనిపెట్టింది. లక్సాయి లైఫ్ సైన్సెస్‌తో కలిసి దాని మాతృసంస్థ సీఎస్ఐఆర్ 2021లో ఆసుపత్రిలో చేరిన కొవిడ్ రోగుల మీద మాత్రల రూపంలో రెండో దశ ట్రయల్ కూడా మొదలెట్టింది. చేతకాకపోవడం కాదు మన జబ్బు, ఆగలేకపోవడం. పరీక్ష ఒకవైపు నడుస్తూండగానే మాత్ర ఇంకోవైపు నోట్లో పడిపోతుంది. ఒకసారి ఊరంతా మింగేశాక ఇక ఎవరిని ఎవరితో పోల్చి చూస్తారు? మంచి ఉద్దేశంతోనే పంచారు, కాదనను. కానీ పంచినవాళ్లు చివరికి మనకు ఏ జవాబూ మిగల్చలేదు. ఆడెన్‌బ్రూక్స్‌వాళ్లు కనీసం "లేదు" అనే జవాబైనా ఇచ్చారు. నా లెక్కలో అది పెద్ద కానుక. ఆ స్ప్రే మీద ఇక ఏ కిడ్నీ రోగీ డబ్బు పోగొట్టుకోడు, దాన్ని నమ్ముకుని మాస్కు తీసెయ్యడు.

ట్రయల్ అంటే మనవాళ్లకు భయం ఉండడంలోనూ న్యాయం ఉంది. 2009, 10ల్లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేసినప్పుడు, చాలామంది పిల్లల తరఫున అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు, పార్లమెంటు కమిటీ తర్వాత గట్టిగా చీవాట్లు పెట్టింది. టీకా మంచిదే, వేసిన తీరు చెడ్డది. పెద్దాయన్ని సంతకం సంగతి అడిగాను. పత్రం ముందే ఇంటికి తెచ్చుకున్నాడట. పొడుగాటి పత్రం, కొడుకుతో కలిసి చదువుకున్నాడట. "ఎప్పుడు మానుకున్నా నీ వైద్యానికి ఏ లోటూ రాదని రాసుందోయ్. ఆ ఒక్క వాక్యం చూశాకే పెన్ను తీశాను" అన్నాడు. అంతలో ఆయన పేరు పిలిచారు. లేచి, చొక్కా సవరించుకుని లోపలికి వెళ్లాడు.

ఆ వాక్యం మన చట్టంలోనూ ఉంది. అంతేకాదు, 2009 జూన్ 15 నుంచి మన దేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టరులో నమోదు చెయ్యడం తప్పనిసరి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరినైనా ట్రయల్లో చేరమని అడిగితే భయపడి పారిపోకండి, డాక్టరుగారు చెప్పారు కదా అని తలా ఊపకండి. రిజిస్టరు నంబరు అడగండి. ఉత్తుత్తి మందు వచ్చే అవకాశం ఎంత, హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది అని అడగండి. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాల్సిందే. ఆ పత్రం తెలుగులో లేకపోతే సంతకం పెట్టకండి.