మందుల సంచిని మొత్తంగా చూసేవారెవరు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో అరవై ఏళ్లు దాటిన వారిని ఏ మందులు వాడుతున్నారని అడిగితే, పేర్లు చెప్పరు. ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి మంచం మీద కుమ్మరిస్తారు. అందులో ఆశా కార్యకర్త నెలనెలా ఇచ్చే బీపీ, షుగరు గోలీలు ఉంటాయి. జిల్లా కేంద్రంలోని ప్రైవేటు వైద్యులు రాసినవి ఉంటాయి. హైదరాబాదు పెద్దాసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చినవి, ఊళ్లో ఆర్.ఎం.పి. కాగితంలో చుట్టి ఇచ్చిన రంగురంగుల విడి గోలీలు, ఎప్పటివో కంటి ఆపరేషను నాటి మాత్రలు కూడా ఉంటాయి. కొన్ని షీట్లపై పేరున్న భాగమే కత్తెరకు పోయి ఉంటుంది. ప్రతి గోలీనీ ఎవరో ఒకరు ఒక కారణంతోనే ఇచ్చారు. అన్నింటినీ ఒక్కచోట పెట్టి చూసినవారు మాత్రం సాధారణంగా ఉండరు.

ఆ పని వైద్యులదే అని మీరనవచ్చు. నిజమే. కానీ వంద మంది బయట నిలబడి ఉన్న ఓపీలో వైద్యుడు చూసేది తన చీటీనే. రోగి చేతికి చివరగా మందు అందేది ఫార్మసిస్టు కిటికీ దగ్గర. సంచి మొత్తాన్ని చూడగల చదువు, వీలు రెండూ ఉన్న మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడన్నది నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఫ్లోరోసిస్ ప్రస్తావన తప్పదు. నల్లగొండ ఫ్లోరోసిస్‌పై సిద్దీఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. నేడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. అయితే మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి ముసలివారైన వారి ఎముకల్లో దశాబ్దాలుగా చేరిన ఫ్లోరైడు అంత త్వరగా పోదు. బిగుసుకున్న వెన్ను మళ్లీ వంగదు. అందువల్ల నొప్పి గోలీ ఇక్కడ అన్నంతోపాటు తినే వస్తువైపోయింది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి ఏ కిరాణా కొట్టులో అడిగినా దొరుకుతాయి. చీటీలో ఉండవు కనుక, ‘ఏ మందులు వాడుతున్నావు’ అని డాక్టరు అడిగితే అవి లెక్కలోకే రావు.

కొన్నేళ్ల క్రితం ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాతో పనిచేసిన యువ ఫార్మసిస్టుకు ఒక మంచి అలవాటుండేది. ముసలివారు వస్తే సంచి మొత్తం బల్లమీద పెట్టించేవాడు. ఒకనాడు కాళ్ల వాపుతో, ఆకలి లేక నీరసించి వచ్చిన ఒక అవ్వతో అతడు మాట్లాడటం నేను పక్కగదిలోంచి విన్నాను.

“అవ్వా, ఈ రెండూ ఒక్కటే గోలి. డబ్బాలే వేరు.”

“రెండు దవాఖాన్లల్ల ఇచ్చిండ్రు గద బిడ్డా. రెండూ ఏసుకోవద్దా?”

“మరి ఈ నొప్పి గోలి రోజుకెన్ని?”

“నొప్పి ఉన్నప్పుడల్లా ఏసుకుంట.”

“ఎప్పుడుండదు?”

“నిద్రల.”

అతడు ఒక తెల్లకాగితంపై అన్నీ వరుసగా రాసి నా బల్లపై పెట్టాడు. ఆమ్లోడిపిన్ రెండు చోట్లనుంచి వస్తోంది: ప్రభుత్వ మందు అసలు పేరుతో, ప్రైవేటు మందు కంపెనీ పేరుతో. ఆమ్లోడిపిన్ మోతాదు పెరిగితే పాదాలు వాస్తాయి. ఆ వాపును కొత్త జబ్బు అనుకొని మరోచోట మూత్రం ఎక్కువగా వచ్చే గోలీ రాశారు. ఒక మందు వల్ల కలిగిన ఇబ్బందికి మరో మందు రాయడమనే ఈ గొలుసుకట్టు గురించి పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే వివరించారు. ఇవి చాలవన్నట్లు సంచిలో టెల్మిసార్టాన్ కూడా ఉంది. వీటన్నింటి మీద నొప్పి గోలీలు.

ఈ కలయిక ఏమి చేస్తుందో చెరువు భాషలో చెబుతాను. మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే చోటు చిన్న చెరువు వంటిది. నొప్పి గోలీ లోనికి వచ్చే కాలువను ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే తూమును వదులు చేస్తుంది. మూత్రం గోలీ మొత్తం నీటినే తగ్గిస్తుంది. ఏ ఒక్కటీ విడిగా అంత ప్రమాదం కాకపోవచ్చు. మూడూ కలిసి, పైన మే నెల ఎండ కాసి, రెండు విరేచనాలు అయితే చెరువు అడుగంటుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒంట్లోని ఫ్లోరైడును బయటికి పంపేది ప్రధానంగా మూత్రపిండాలే. అవి దెబ్బతింటే ఫ్లోరైడు మరింత నిలుస్తుంది. నొప్పి కోసం వేసుకున్న గోలీ చివరికి నొప్పి మూలాన్నే పెంచుతుందన్నమాట.

అవ్వకు రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగానే ఉంది. నొప్పి గోలీలు, రెండో ఆమ్లోడిపిన్ మానిపించాను. వాపు తగ్గాక మూత్రం గోలీ అవసరమే లేకపోయింది. కొన్ని వారాలకు క్రియాటినిన్ దిగింది కానీ పూర్తిగా మామూలు కాలేదు. నొప్పికి పారాసిటమాల్, కాపడం మిగిలాయి. నొప్పి పూర్తిగా పోలేదని ఆమె నన్ను వచ్చినప్పుడల్లా తిట్టేది.

ఆ యువకుడు చేసినది దయతో చేసిన అదనపు సేవ అనుకోకండి. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీపై మందు ఇవ్వవలసినది రిజిస్టరైన ఫార్మసిస్టే. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఇంకా ముందుకు వెళ్లి, చీటీని పరిశీలించి, మందుల మధ్య పొత్తు కుదరకపోతే గమనించి, రోగితో స్వయంగా మాట్లాడాలని చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలో 2001 నుంచి వైద్యుడి సూచనపై ఫార్మసిస్టు ఇంటికే వెళ్లి మందులన్నీ సమీక్షించే పద్ధతి ఉంది. మనకు ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు 2008లో మొదలైంది. ఆ చదువు చదివినవారికి మన పీహెచ్‌సీల్లో చోటెక్కడ? చాలా మెడికల్ షాపుల్లో సర్టిఫికెట్టు గోడకు వేలాడుతుంది, గోలీలు కత్తిరించేది పదో తరగతి కుర్రవాడు. అతడిని అనడం లాభం లేదు. అడిగేవారు లేనప్పుడు యజమాని అంతకన్నా ఖర్చు పెట్టడు.

పాలమూరు వైపు కష్టం మరో రకం. కొడుకులు, కోడళ్లు పనికి హైదరాబాదుకో, ముంబయికో పోతారు. చదవలేని ముసలివారు ఒంటరిగా మిగులుతారు. వారికి ‘ఉదయం ఒకటి’ అని రాసి లాభం లేదు. డబ్బాపై పొద్దు బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి ఇచ్చే ఫార్మసిస్టులను నేను చూశాను. మరొక ప్రశ్న కూడా అక్కడ అడగాలి: కల్లు తాగుతారా? కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం వంటివి కలపడం ఎక్సైజు దాడుల్లో పదేపదే బయటపడినదే. పొద్దున అదే మందు కల్లులో, రాత్రి అదే మందు నిద్రగోలీగా పడితే ముసలి మనిషి తూలి పడతాడు, తుంటి విరుగుతుంది. ఈ మాట డాక్టరు ముందు చెప్పడానికి సిగ్గుపడేవారు కూడా ఫార్మసిస్టు కిటికీ దగ్గర చెబుతారు.

కనుక ఎండలు ముదరకముందే, అంటే మార్చిలోనే, మీ ఇంట్లోని పెద్దల సంచిని మొత్తంగా పీహెచ్‌సీ ఫార్మసిస్టు దగ్గరకో, చదువుకున్న మనిషి కూర్చునే మెడికల్ షాపుకో తీసుకువెళ్లండి. కిరాణా కొట్టు గోలీలు, ఆకుమందులు, చూర్ణాలు కూడా అందులో వేయండి. జాబితా రాయించుకొని వైద్యుడికి చూపండి. బీపీ, షుగరు, గుండె మందులను మీ అంతట మీరు ఆపకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం వేటిని తాత్కాలికంగా ఆపాలో అదే రోజు డాక్టరును అడగండి. నొప్పి గోలీ గురించి అడగడానికి అంతవరకు ఆగనక్కర లేదు.