నేలను అడిగి నాటాలి

వైద్యుడు మందు ఇచ్చే ముందు రోగి నాడి చూస్తాడు గదా. అడవికి కూడా నాడి చూడాలంటే మీకు నవ్వు రావచ్చు. కాని అడవులను పెంచేవారు మొట్టమొదట చేసే పని అదే. ఏ చోటు ఎటువంటిది, అక్కడ ఏ చెట్టు పెరుగుతుంది, ఎంత ఎత్తు పెరుగుతుంది అని విచారించి, అడవిని తరగతులుగా విభజిస్తారు. ఆ తరవాతనే ఏది నాటాలి, ఏది కొట్టాలి, ఏది ముట్టుకోకుండా వదలాలి అని నిర్ణయిస్తారు.

నేను వుండేది హైదరాబాదు పాతబస్తీలో. ఇక్కడ అడవి లేదు. అయినా ఈ సంగతి ఇక్కడ కూడా కనిపిస్తుంది. ఫలక్‌నుమా వైపు గుట్టలమీద నల్లరాళ్ళు, వాటి సందుల్లో జానెడు మన్ను. పడిన వాన పడినట్టే జారిపోతుంది. అటువంటి చోట సీతాఫలం చెట్టు హాయిగా బతుకుతుంది. అక్కడి నుంచి కొన్ని మైళ్ళు దిగి మూసీ ఒడ్డుకు వస్తే మన్ను లోతు, తేమ ఎక్కువ. అక్కడ గడ్డి మనిషి నడుము దాటి పెరుగుతుంది. రెండు చోట్లా పడేది ఒకే వాన, కాసేది ఒకే ఎండ. తేడా అంతా నేలలోనే వున్నది.

ఈ విద్యను నేను పుస్తకాలలో చదవక ముందే ఒక వనరక్షకుడి నోట విన్నాను. 1990 ప్రాంతంలో, అప్పటి ఆదిలాబాదు జిల్లాలో పనిచేస్తూ, నా విద్యార్థులను జన్నారం దగ్గర కవ్వాల అడవికి తీసుకుపోయాను. ఒక పిల్లవాడు, "ఈ టేకు ఇంత పొడుగుంది. ఆ గుట్టమీది టేకు గిడసబారి వుంది. రెండూ ఒక జాతి కావా?" అని అడిగాడు.

వనరక్షకుడు నవ్వి, "జాతి ఒకటే బిడ్డా, ఇల్లు వేరు. చుట్టుపక్కల ఎవరున్నరో చూడు, ఇల్లు ఎట్లాంటిదో తెలుస్తది," అన్నాడు.

తరవాత ఒక్కొక్క చెట్టే చూపించాడు. వాగు ఒడ్డున తెల్లమద్ది వుంటే నేలకింద నీరున్నట్టు. నల్లమద్ది బలంగా వుంటే మన్ను లోతుగా, తేమగా వున్నట్టు. మోదుగలు గుంపుగా వుంటే అది నీరు నిలిచే రేగడి కావచ్చు. అక్కడ టేకు సుఖపడదు, ఎందుకంటే దాని వేళ్ళకు నిలవనీరు గిట్టదు. అందుగు చెట్టు కనిపిస్తే అది ఎండిన రాతినేల. పిల్లలు ఆ రోజు చెట్లను అక్షరాలలాగా చదివారు!

ఇదే పనిని కొలతతో చేసేవారున్నారు. మన దేశంలో టేకు తోటల నేలను నాలుగు తరగతులుగా లెక్కిస్తారు. ఒకే వయసు గల తోటలలో అన్నిటికన్నా పొడవైన చెట్ల ఎత్తు కొలిచి తరగతి కడతారు. లావు ఎందుకు కొలవరు? చెట్లను దూరదూరంగా నాటితే లావెక్కుతాయి, దగ్గరగా నాటితే సన్నబడతాయి. ఎత్తు మాత్రం చాలామటుకు నేల సత్తువనే చెబుతుంది.

ఫిన్లండు దేశంలో కాయాండర్ అనే శాస్త్రజ్ఞుడు 1909 లో మరొక దారి చూపించాడు. ఆయన పెద్ద చెట్లను కాక, వాటికింద పెరిగే చిన్న మొక్కలను, నాచును చూసి అడవి తరగతిని నిర్ణయించాడు. పెద్ద చెట్లను మనిషి నరికి మార్చగలడు. కింది మొక్కలు నేల స్వభావాన్ని దాచవు. ఆయన తరవాత మూడుసార్లు ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు! మన దేశపు అడవులను ఛాంపియన్ 1936 లో వర్గీకరించాడు. 1968 లో ఆయనా, సేఠ్ కలిసి ఆ పనిని సవరించి, 16 ముఖ్య వర్గాలు ఏర్పరచారు. మన కడప, చిత్తూరు కొండలలోని ఎర్రచందనం అడవికి అందులో ప్రత్యేకస్థానం వున్నది. చాలామటుకు ఈ ప్రాంతపు కొండలలోనే తనంతట తాను పెరిగే ఆ చెట్టు, రాళ్ళు నిండిన పొడినేలనే కోరుకున్నది చూశారా!

ఇంత శ్రమ ఎందుకంటారా? రైతు వరి వేసి నష్టపోతే వచ్చే ఏడు సరిదిద్దుకోవచ్చు. చెట్టు విషయంలో అట్లా కాదు. కేరళలోని నీలాంబూరులో 1840 తరవాత టేకు తోటలు వేశారు. నది తెచ్చిన ఒండ్రునేలలో నాటినవి ఆకాశాన్నంటాయి. గట్టి ఎర్రరాతి నేలలమీద నాటినవి ఎదగలేదు. ఆ సంగతి తేలేసరికి ఏళ్ళకు ఏళ్ళు గడిచిపోయాయి. నాటినవాడు యువకుడైతే, ఫలితం చూసేసరికి ముసలివాడవుతాడు.

మరొక ప్రమాదం కూడా వున్నది. రాతిగుట్టను, పచ్చికబయలును చూసి "ఇది బీడు, ఏదో ఒకటి నాటుదాం" అనేవారున్నారు. అది బీడు కాకపోవచ్చు. అక్కడి గడ్డికి, పొదలకు, వాటిని నమ్ముకున్న జింకలకు, పిట్టలకు అదే సరైన ఇల్లు. అటువంటి చోట నాటకుండా వుండటమే మంచి పని.

ఈ సారి మీ బడిలో మొక్కలు నాటేటప్పుడు ముందుగా ఒక మూరెడు గొయ్యి తవ్వండి. పైమన్ను ఎంత, మొరం ఎక్కడ మొదలైంది కొలవండి. గొయ్యి నిండా నీళ్ళు పోసి, ఎంతసేపటికి ఇంకిపోయాయో గడియారం చూసి రాసుకోండి. దగ్గరలో తమంతట తాము మొలిచిన చెట్ల పేర్లు పెద్దవాళ్ళను అడగండి. ఆ నాలుగు మాటలు నోటుపుస్తకంలో వున్నాకే మొక్క చేతపట్టండి.